తెర లేవకముందే మొదలయ్యే నాటకం

ఒక నాటకం ప్రదర్శనకు సిద్ధమవుతోందన్న సంగతిని ప్రేక్షకుడికి చేరవేసే గోడపత్రిక, కరపత్రం, ఫోనులో కనిపించే బొమ్మ, ప్రదర్శనశాల ముంగిట నిలిపే బోర్డు, చేతికిచ్చే టికెట్టు వంటివాటన్నిటినీ ఒకే ఆలోచన నుంచి పుట్టించి, ఒక వరుసలో జనం ముందుకు తీసుకురావడాన్ని దృశ్య ప్రచార రూపకల్పన అనవచ్చు. సినిమాకు ఈ పని పెట్టుబడిలో భాగమై చాలా దశాబ్దాలైంది. 1967లో బాపు తీసిన ‘సాక్షి’తో మొదలుపెట్టి వందలాది చిత్రాలకు పోస్టర్లు రూపొందించిన ఈశ్వర్ వంటి ప్రచార చిత్రకారులకు తెలుగు సినిమా చరిత్రలో తమదైన స్థానం ఉంది. తెలుగు నాటకరంగంలో మాత్రం రచన, నటన, ఆహార్యం, రంగాలంకరణల గురించి జరిగినంత చర్చ ప్రచార చిత్రణ గురించి జరగలేదు. నెలల తరబడి రిహార్సళ్లు చేసి, ఎలాగో హాలు అద్దె కట్టి, ప్రదర్శనకు మూడు రోజుల ముందు హడావిడిగా ఒక ఫ్లెక్సీ వేయించి సరిపెట్టుకునే నాటక సమాజాలు ఎన్నో ఉన్నాయి. సికింద్రాబాదులోని బోయిగూడ వంటి జనసమ్మర్దమైన పేటకు కూతవేటు దూరంలో నాటకం జరిగినా ఆ సంగతి అక్కడివారికి తెలియకుండానే ముగిసిపోతున్నదంటే, తప్పంతా ప్రేక్షకుల నిరాసక్తత మీదికి నెట్టడం న్యాయం కాదు. వారిని పిలిచే పద్ధతిలోనూ లోపం ఉంది. ఆ లోపం సరిదిద్దుకోదగినదే. అందుకు డబ్బుకన్నా ముందు కావలసింది ఆలోచన.

పందిరి చేసిన పని

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక కుటుంబాలు ఊరూరా తిరిగిన కాలంలో, ప్రచారం అనే పని విడిగా ఉండేది కాదు. ఊరి నడుమ ఖాళీ స్థలంలో పందిరి లేవడం, పరదాల పెట్టెలు బండ్ల మీద దిగడం, నటీనటుల కుటుంబాలు ఆ పక్కనే కాపురం పెట్టడం ఊరివారి కళ్లెదుటే జరిగేవి. కరపత్రాలు, డప్పులు అప్పటికే ఊరికి తెలిసిన సంగతిని మరోసారి గుర్తుచేసేవి. చిత్రించిన తెరలు, ‘మాయాబజార్’లోని మాయలు ఒక రాత్రి చూసినవారి నోట మర్నాటికి ఊరంతా పాకేవి, అదే ఊళ్లో ప్రదర్శనలు చాలా రోజులు సాగేవి కాబట్టి ఆ మాట పాకడానికి వ్యవధీ ఉండేది.

నేటి నాటకానికి ఆ వసతి లేదు. సమకాలీన నాటకం సాధారణంగా ఒక సాయంకాలం కోసం అద్దెకు తీసుకున్న హాలులోకి వస్తుంది, ఆ రాత్రే సామాను సర్దుకుని వెళ్లిపోతుంది. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి గానీ, సికింద్రాబాదులోని హరిహర కళాభవన్ గానీ నిన్న ఒక నృత్య ప్రదర్శనకు, రేపు ఒక సన్మాన సభకు వేదికలు. లోపల ఏ నాటకం ఆడబోతున్నదో ఆ భవనాలను బయటి నుంచి చూసి చెప్పలేం. బాగా ఉన్నదన్న మాట పదిమందికీ చేరేసరికి ప్రదర్శన ముగిసిపోయి ఉంటుంది. కాబట్టి ఒకప్పుడు పందిరి, పరదాలు, రోజుల తరబడి సాగిన మకాం కలిసి చేసిన పనిని ఇప్పుడు ఒక బొమ్మ, కొన్ని అక్షరాలు చేయవలసి వచ్చింది. నాటకానికి దృశ్య ప్రచారం ఎందుకు అవసరమో, అది ఎంత బాధ్యతగల పనో ఈ మార్పును గమనిస్తే అర్థమవుతుంది.

ప్రపంచ నాటకరంగం ఈ సంగతిని చాలా ముందే గుర్తించింది. రాతిపలక మీద కొవ్వు రంగుతో బొమ్మ గీసి కాగితం మీదికి అచ్చు తీసే లితోగ్రఫీ పద్ధతి పారిస్ నగరంలో రంగుల గోడపత్రికకు దారి తీసింది. ప్రఖ్యాత నటి సారా బెర్నార్ నటించిన ‘జిస్మోండా’ నాటకం కోసం ఆల్ఫోన్స్ ముఖా గీసిన గోడపత్రిక 1895 జనవరి 1న ఆ నగరపు గోడల మీద వెలసింది; దాదాపు రెండు మీటర్ల ఎత్తున, నటి నిలువెత్తు రూపంతో, లేతరంగుల్లో ఉన్న ఆ చిత్రం చూపరులను ఆపేసింది, ముఖాకు రాత్రికి రాత్రే పేరు తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పోలండ్ చిత్రకారులు మరో మార్గం తొక్కారు. నటీనటుల ముఖాలు చూపడం మాని, కథలోని అంతరార్థాన్ని ఒక్క ప్రతీకగా మలిచి గోడ మీద నిలిపారు. 1994 నుంచి న్యూయార్కులోని పబ్లిక్ థియేటర్‌కు పనిచేసిన పౌలా షేర్, లావుపాటి అక్షరాలను అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పేర్చి, బొమ్మ అక్కర్లేకుండానే ఆ సంస్థ గోడపత్రిక ఎక్కడున్నా గుర్తుపట్టగలిగేలా చేశారు. నటి రూపం, ప్రతీక, అక్షరం అనే ఈ మూడు దారుల్లో ఏది ఎంచుకోవాలన్నది నాటకాన్ని బట్టి తేలవలసిన విషయం.

అతిథుల ముఖాల వెనుక నాటకం

తెలుగు నాటక ప్రకటనల్లో తరచుగా కనిపించే రూపం ఈ మూడింటిలో దేనికీ చెందదు. అది సభా ఆహ్వాన పత్రిక రూపం. పైన జ్యోతి ప్రజ్వలన చేసేవారి పేరు, తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షుల ఛాయాచిత్రాలు, వాటి కింద దాతల పేర్లు, చిట్టచివర మిగిలిన జాగాలో నాటకం పేరు, రచయిత, దర్శకుడు ఉంటారు. నటీనటుల పేర్లకు ఒక్కోసారి చోటే దొరకదు. నాటక పరిషత్తుల పోటీలు, ఉచిత ప్రవేశం, దాతల సహాయం మీద ఆధారపడి నిలిచిన రంగస్థలానికి ఈ అలవాటు ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. సహాయం చేసినవారికి కృతజ్ఞత చెప్పడం సంస్కారం కూడా. కానీ దారిన పోయే మనిషికి ఆ పత్రిక ఒక సన్మానం జరగబోతోందని మాత్రమే చెబుతుంది. తనకు తెలియని పెద్దమనుషులు పాల్గొనే సభకు అతడెందుకు రావాలి? దాతలకు ప్రదర్శన రోజున పంచే పరిచయ పత్రంలో గౌరవప్రదంగా ఒక పూర్తి పుట కేటాయించి, గోడపత్రికను నాటకానికే వదిలిపెట్టడం ఈ రంగంలో జరగవలసిన మొదటి సంస్కరణ.

పఠనంలోంచి పుట్టే బొమ్మ

రూపకర్త పని కంప్యూటరు దగ్గర మొదలుకాకూడదు. దర్శకుడు, నటవర్గం కూర్చుని నాటక ప్రతిని మొదటిసారి పైకి చదువుకునే రోజున రూపకర్త కూడా అక్కడ ఉండాలి. ఈ కథ ఎవరిది, అందులోని ప్రధాన సంఘర్షణ ఏమిటి, ప్రేక్షకుడు ఏ ప్రశ్నతో ఇంటికి వెళ్లాలి అన్న మూడు విషయాలకు దర్శకుడితో కలిసి ఒక్కొక్క వాక్యంలో జవాబు రాసుకోగలిగితే, ఆ మూడు వాక్యాల్లోంచి బొమ్మ పుడుతుంది.

ఈ పద్ధతిని వివరించడానికి తెలుగులో ఆడిన ఒక నాటకాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెఖ్ట్ రాసి, 1943లో జ్యూరిక్‌లో తొలిసారి ప్రదర్శితమైన ‘సెజువాన్ నగరపు మంచి మనిషి’ నాటకాన్ని ప్రసిద్ధ దర్శకుడు బి.వి. కారంత్ సురభి నటవర్గంతో ‘బస్తీ దేవత యాదమ్మ’గా తెలుగు రంగస్థలం మీదికి తెచ్చారు. పౌరాణికాలకు పేరుపడిన సురభి నటులు ఆధునిక నాటకానికి కూడా సమర్థులని ఆ ప్రయోగం చూపింది. మూలకథలో ముగ్గురు దేవతలు లోకంలో ఒక్క మంచి మనిషైనా ఉన్నాడా అని వెదుకుతూ వచ్చి, నిరుపేద వేశ్య ఇంట ఆశ్రయం పొంది ఆమెకు డబ్బిస్తారు. ఆమె చిన్న దుకాణం పెట్టుకోగానే, ఆమె మంచితనాన్ని ఆసరా చేసుకుని చుట్టూ ఉన్నవారు ఆమెను పీల్చుకు తినడం మొదలుపెడతారు. బతకడానికి ఆమె మగవేషం వేసి, కరుకైన దాయాదిగా అవతారమెత్తవలసి వస్తుంది. మంచిగా ఉంటూ బతకడం ఈ లోకంలో సాధ్యమేనా అన్నది ప్రేక్షకుడు మోసుకువెళ్లవలసిన ప్రశ్న.

ఇటువంటి నాటకాన్ని నేడు ఎవరైనా మళ్లీ ఆడదలచుకుంటే ప్రచార చిత్రానికి ఏ దారులున్నాయి? కథానాయిక పాత్రధారిణి ఛాయాచిత్రం వేయడం మొదటి దారి. అది అందంగా ఉండవచ్చు గానీ, ఏ నాటకానికైనా సరిపోతుంది కాబట్టి ఈ నాటకం గురించి ఏమీ చెప్పదు. స్త్రీ నిలబడి ఉండగా గోడ మీద పురుషుడి నీడ పడినట్టు చూపడం రెండో దారి. ఇది కథకు దగ్గరైనదే, మారువేషం సంగతి బ్రెఖ్ట్ ప్రేక్షకుల దగ్గర దాచడు కాబట్టి ముందే చెప్పేసినట్టూ కాదు, కానీ నీడబొమ్మ అనేక సినిమాల్లో అరిగిపోయిన ఉపాయం. మూడో దారి, గాజులు తొడుక్కున్న రెండు చేతులను మాత్రమే చూపి, ఒకటి ఇవ్వడానికి చాచినట్టుగా, మరొకటి పిడికిలి బిగించినట్టుగా గీయడం. అవి ఒకే మనిషి చేతులని చూడగానే తెలుస్తుంది, రెండిటి మధ్యనున్న వైరుధ్యమూ తెలుస్తుంది. గోడ మీద నాలుగడుగుల బొమ్మగానైనా, ఫోనులో బొటనవేలంత బొమ్మగానైనా ఆ ఆకారం చెక్కుచెదరదు. మూడిటిలో చివరిదే మేలైనదని అందుకే చెప్పవచ్చు.

రంగుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ‘దేవత’ అన్న మాటను బట్టి పసుపు, కుంకుమ, వేపాకు రంగులు వెంటనే మనసుకు తడతాయి. బోనాలు జరుపుకునే సికింద్రాబాదు బస్తీలకు అవి సొంత రంగులు కూడా. అయితే వాటితోపాటు అమ్మవారి ముఖాన్ని, త్రిశూలాన్ని కూడా వేస్తే, వచ్చినవారు భక్తి నాటకాన్ని ఆశించి వచ్చి నిరాశపడతారు. ప్రచారం మాట ఇచ్చినట్టే లెక్క. నాటకం నిలబెట్టుకోలేని మాటను గోడపత్రిక ఇవ్వకూడదు. పసుపును నేపథ్యంగా ఉంచి, దాన్ని పెచ్చులూడిన సున్నపు గోడలా గరుకుగా చూపితే, బస్తీ జీవితం, దేవత పేరు రెండూ ఒకే చోట అమరుతాయి.

తెలుగు అక్షరం అడిగే చోటు

ఇంగ్లీషు పోస్టర్లను నమూనాగా పెట్టుకుని అక్షరాలు మాత్రం తెలుగులోకి మార్చేవారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది వరుసల మధ్య చోటు. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం, ఓత్వం వంటి గుర్తులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఒక్కో వరుస నిలువునా ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. ‘బస్తీ’, ‘దేవత’, ‘యాదమ్మ’ అని మూడు వరుసలుగా పేర్చినప్పుడు మొదటి వరుసలో కిందికి దిగే తవత్తు, రెండో వరుసలోని ఏత్వానికీ తలకట్లకూ తగలకుండా చూడాలి. లేదంటే ఆ వత్తునే కిందికి సాగదీసి బొమ్మలో కలిపేసే సాహసం చేయాలి. అక్షరాలను చేతితో రాసే కళలో బాపు చూపిన ఒడుపు తెలుగు పాఠకులందరికీ పరిచితమే. నాటకం పేరు వరకైనా చేతిరాతతో ప్రత్యేకంగా రాయించుకుంటే ఆ పేరు ఒక ముద్రగా నిలిచిపోతుంది.

తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న భేదం లేదు కాబట్టి, ముఖ్యమైన మాటను ఎత్తి చూపడానికి పరిమాణం, మందం, రంగు, చుట్టూ వదిలే ఖాళీ మాత్రమే సాధనాలు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, పొన్నాల, సురవరం వంటి యూనికోడ్ ఖతులు (ఫాంట్లు) ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి పేద సమాజానికి కూడా మంచి అక్షరం అందుబాటులోనే ఉంది. యూనికోడ్ అంటే ఏ యంత్రంలోనైనా ఒకే అక్షరాన్ని ఒకే సంకేతంతో గుర్తించే ప్రపంచ ప్రమాణం. అచ్చు దుకాణాల్లో మాత్రం యూనికోడ్ పద్ధతి పాటించని ‘అను’ వంటి పాత ఖతుల వాడకం ఇంకా ఉంది. ఒకదానిలోంచి మరొకదానిలోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోవడం, సున్నాలు మాయం కావడం సాధారణం. అందుకే అచ్చుకు పంపేముందు ప్రూఫును నాటక రచయితే ఒకసారి అక్షరం అక్షరం చదవాలి. గోడపత్రికలో నటి పేరు తప్పు పడితే ఆ తప్పు వందల ప్రతుల్లో ఊరంతా తిరుగుతుంది.

దూరాన్ని బట్టి అక్షరం సైజు నిర్ణయించడానికి బోర్డులు రాసేవారిలో ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరం నుంచి సుఖంగా చదవాలంటే అక్షరం కనీసం ఒక అంగుళం ఎత్తుండాలి. రోడ్డు అవతలి నుంచి, అంటే నలభై అడుగుల నుంచి పేరు కనబడాలంటే నాలుగు అంగుళాలు కావాలి. వత్తులున్న తెలుగు మాటకు ఇంకాస్త పెంచడం మంచిది. రంగుల విషయంలోనూ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఫోను తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయికతో రంగు చూపిస్తుంది; అచ్చుయంత్రం నీలి, గులాబి, పసుపు, నలుపు సిరాల కలయికతో చూపిస్తుంది. తెర మీద మెరిసిన ఆకుపచ్చ కాగితం మీద మసకబారడానికి కారణం ఇదే కాబట్టి, మొదటి నుంచే అచ్చు రంగుల పద్ధతిలో పనిచేసి, ఒక నమూనా ప్రతి తీయించి చూసుకోవాలి. చేత్తో పట్టుకుని చూసే కరపత్రానికి అంగుళానికి 300 చుక్కల స్పష్టత ఉండాలి. దూరం నుంచి చూసే పెద్ద బ్యానరుకు అందులో మూడో వంతు సరిపోతుంది.

బోయిగూడ దారుల్లో

ఎంత మంచి బొమ్మైనా చూసేవారి దారిలో లేకపోతే వృథా. బోయిగూడను ఉదాహరణగా తీసుకుంటే, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు ద్వారం ఈ పేటకే తెరుచుకుంటుంది. కలప డిపోలు, ప్లైవుడ్ దుకాణాలు రోడ్ల వెంట ఉన్నాయి. ఒకవైపు గాంధీ ఆసుపత్రి, దాని పేరుతోనే 2020లో మొదలైన మెట్రో స్టేషను, మరోవైపు పద్మారావునగర్ ఇళ్లు ఉన్నాయి. ఈ చోట్లలో తిరిగే జనం ఒక్క తీరుగా ఉండరు. రైలు అందుకోవడానికి పరుగెత్తే మనిషికి నాటకం పేరు, బొమ్మ తప్ప మరేదీ కంటికి ఆనదు. సాయంత్రం టీకొట్టు దగ్గర నిలబడ్డవాడికి పది వాక్యాలు చదివే తీరిక ఉంటుంది. మెట్రోలో కూర్చున్న విద్యార్థి చూపంతా ఫోను మీద ఉంటుంది. కాబట్టి ఒకే ఆలోచనను మూడు రకాలుగా మలచాలి: నడిచేవారికి బొమ్మ, పేరు, తేదీ మాత్రమే ఉన్న పెద్ద పత్రిక, నిలబడేవారికి కథ సూచన, నటవర్గం, టికెట్టు వివరాలతో కరపత్రం, ఫోను చూసేవారికి నిలువు, చదరపు ఆకారాల్లో బొమ్మలు, రిహార్సల్ నుంచి కొన్ని క్షణాల దృశ్యం. ఉర్దూ, హిందీ మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్న ఈ ప్రాంతంలో సమయం, స్థలం చెప్పే ఒక వరుసను ఆ భాషల్లో కూడా వేస్తే అది మర్యాద అవుతుంది, ఉపయోగమూ అవుతుంది.

చోటు దొరికింది కదా అని కనబడ్డ గోడకల్లా అంటించడం మాత్రం తగదు. బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచినా, రోగుల బంధువులు ఆందోళనతో తిరిగే ఆసుపత్రి గోడను, పిల్లల బడి గోడను ప్రకటనలతో నింపడం నాటకానికి గౌరవం తెచ్చే పని కాదు. దుకాణదారుల అనుమతి తీసుకుని అద్దం లోపలి వైపు పెట్టించిన పత్రిక వానకు తడవదు, దాని మీద మరొకరు అంటించరు, పైగా ఆ దుకాణదారుడే దాని గురించి నాలుగు మాటలు చెబుతాడు. రంగాలంకరణకు కలప కొనే డిపోలోనూ, టిఫిన్ సెంటర్లోనూ, గ్రంథాలయంలోనూ, కళాశాల నోటీసు బోర్డు మీదా ఇలా పెట్టించిన పాతిక పత్రికలు, అనుమతి లేకుండా రాత్రిపూట అంటించిన వందకన్నా ఎక్కువ ఫలితమిస్తాయి. మట్టిలో కలవని ప్లాస్టిక్ ఫ్లెక్సీకి బదులు గుడ్డ బ్యానరు రాయిస్తే ఖర్చు కొంత పెరిగినా, తర్వాతి ప్రదర్శనకు తేదీ పట్టీ మార్చి మళ్లీ వాడుకోవచ్చు.

కాలక్రమం, లెక్క, దాచుకోవడం

ప్రదర్శనకు ఆరు వారాల ముందు ఆలోచన, బొమ్మ తేలిపోవాలి. నాలుగు వారాల ముందు బొమ్మను ఒక్క ప్రశ్నతో, పేరు పూర్తిగా చెప్పకుండా చూపితే కుతూహలం పుడుతుంది. మూడు వారాల ముందు పూర్తి గోడపత్రిక, టికెట్ల అమ్మకం ఒకేసారి మొదలవ్వాలి, ఎందుకంటే ఆసక్తి కలిగిన క్షణంలో టికెట్టు దొరకకపోతే ఆ ఆసక్తి నిలవదు. తర్వాత రెండు వారాలు నటులను, సంగీతాన్ని, వేషధారణను ఒక్కొక్కటిగా పరిచయం చేసే బొమ్మలకు కేటాయించి, చివరి వారంలో సమయాన్ని, చోటును, బస్సు లేదా మెట్రో దారిని స్పష్టంగా గుర్తుచేయాలి. ప్రదర్శన రోజున హాలు గేటు దగ్గర అదే బొమ్మ నిలువెత్తుగా కనబడితే, వచ్చినవారికి తాము సరైన చోటికే వచ్చామన్న నమ్మకం కలుగుతుంది.

ఏ ప్రయత్నం పనిచేసిందో తెలుసుకోవడం కూడా రూపకల్పనలో భాగమే. టికెట్టు ఇచ్చేటప్పుడు ఈ నాటకం గురించి ఎలా తెలిసిందని అడిగి, గోడపత్రిక, వాట్సాప్, స్నేహితులు, పత్రికావార్త అన్న గళ్లలో గీతలు పెట్టుకుంటే చాలు, తర్వాతి నాటకానికి డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో తేలుతుంది. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

మరొక చిన్న విషయానికి పెద్ద విలువ ఉంది. తెలుగు నాటకాల కరపత్రాల్లో తేదీ, వారం ఉండి సంవత్సరం లేకపోవడం తరచుగా కనబడుతుంది; ముప్పై ఏళ్ల తర్వాత ఆ కాగితం దొరికిన పరిశోధకుడికి ఆ ప్రదర్శన ఏనాటిదో తెలిసే దారి ఉండదు. ఆడి ముగిసిన నాటకానికి మిగిలే కొద్దిపాటి ఆధారాల్లో గోడపత్రిక ఒకటి కాబట్టి దాని మీద సంవత్సరం, రచయిత, దర్శకుడు, రూపకర్త పేర్లు తప్పక ఉండాలి. ప్రతి సమాజమూ తన పత్రికలన్నిటిలో రెండేసి ప్రతులను ముడతలు పడకుండా భద్రపరచాలి. పోలండ్, ఫ్రాన్స్ దేశాల గోడపత్రికలు నేడు ప్రదర్శనశాలల్లో గౌరవంగా నిలిచాయంటే, వాటిని గీసినవారి ప్రతిభతోపాటు దాచినవారి శ్రద్ధ కూడా అందుకు కారణం.

తెలుగు సమకాలీన నాటకానికి నటులకు కొరత లేదు, కథలకు కొరత లేదు, బోయిగూడ వంటి పేటల్లో మనుషులకు అసలే కొరత లేదు. ఈ మనుషులను ఆ నాటకం దగ్గరికి తీసుకువచ్చే దారి మాత్రం సన్నగా ఉంది. ఆ దారి వెడల్పు కావాలంటే ప్రతి సమాజమూ తన ఖర్చుల పట్టీలో హాలు అద్దె పక్కనే దృశ్య ప్రచారానికి ఒక వరుస రాసుకోవాలి. మొదటి పఠనానికి రూపకర్తను పిలవాలి. అతిథుల ముఖాలకన్నా నాటకం ముఖాన్ని పెద్దదిగా చూపే ధైర్యం చేయాలి. ఈ మూడూ ఇవాళే, ఉన్న డబ్బుతోనే మొదలుపెట్టగలిగిన పనులు.